మా నల్లాకు రాని నీళ్లు

మొన్న పటేల్‌గూడ దాటి వస్తుంటే, కొత్త కాలనీ కోసం రోడ్డు పక్కన దింపిన సిమెంటు పైపుల మీద వాన పడింది. ఎండకు కాగిన సిమెంటు నుంచి లేచిన ఆ పచ్చి వాసనకు బండి పక్కకు ఆపేశాను. అలాంటి పైపుల్లోకి దూరి మా పేర్లు మేమే పిలుచుకుని, అవతలి కొస నుంచి ఇంకెవరో పిలిచినట్టు వినిపిస్తే జడుసుకుని పరుగెత్తిన వయసు గుర్తొచ్చింది.

ఇస్నాపూర్‌కు అవతల మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికి మా బావి ఇంకా బాగుండేది. మోటరు వేస్తే తెల్లటి ధార తొట్లో దుమికేది, ఎండాకాలమంతా అందులోనే మా స్నానాలు, అందులోనే మా కొట్లాటలు. బతుకమ్మ పండక్కి తంగేడు, గునుగు పూలు ఆ నీళ్లు చల్లే తాజాగా ఉంచేవాళ్లం. మా నాయనమ్మ ఈరమ్మ రొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి, తలా ఒకటి పెట్టి, చెంబెడు బావి నీళ్లు తాగితే గానీ అక్కణ్ణుంచి కదలనిచ్చేది కాదు.

చుట్టూ ఫ్యాక్టరీలు పెరిగాక ఆ నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి, మీద నురగ కట్టింది. బర్రె తొట్టి దగ్గరికి వచ్చి వాసన చూసి మొహం తిప్పుకునేది. పొద్దున వండిన అన్నం మాపటికి రంగు మారేది. ఇక ట్యాంకరు మొదలైంది. అది వచ్చిందంటే చదువులు, వంటలు ఎక్కడివక్కడ వదిలేసి బిందెలతో ఉరికేవాళ్లం. పట్టిన నీళ్లను నీలం డ్రమ్ముల్లో దాచుకునేవాళ్లం.

ఆ రోజుల్లోనే మా ఊళ్లకు నది నీళ్లు తెస్తారన్న కబురొచ్చింది. ఖర్చులో పెద్ద భాగం విదేశాల సంస్థ ఒకటి ఇస్తుంది, పని మన సర్కారు చేయిస్తుంది. ఊరి నీళ్ల కమిటీలో మా నాయినను వేశారు. ఒక్క వేసవిలో ట్యాంకీ లేచింది, వీధుల్లో పైపులు పడ్డాయి, మా అరుగు ముందు నల్లా వెలిసింది. నాయనమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. రోజూ లేవగానే ఇత్తడి బిందె తోమి దాని కింద పెట్టేది. నల్లా తిప్పితే గాలి బుస్సుమనేది. “దూరంకెల్లి రావాలె గదా, దమ్ము తీసుకుంటున్నయి,” అనేది.

నీళ్లను ట్యాంకీలోకి ఎక్కించే మోటర్లు మాత్రం రాలేదు. నాయిన ఆ పని చూసే సర్కారు దఫ్తరుకు పోయి వచ్చి అరుగు మీద కూలబడేవాడు. అమ్మ మజ్జిగ ఇస్తూ “ఏమన్నరు?” అని అడిగేది.

“మనోళ్ల కాయిదా కానూను ఒకటి, పైసలిచ్చేటోళ్లది ఇంకొకటి,” అన్నాడొకసారి. “మోటర్ల టెండరు తెరిచినంక తక్కువ చెప్పినోణ్ణి పిలిచి ఇంకా జెర తగ్గించమని అడిగిన్రు మనోళ్లు. మన దగ్గర గది మామూలే. తెరిచినంక రేటు మాట్లాడుడే తప్పని పైసలిచ్చేటోళ్లు మొత్తం రద్దు చేయించిన్రు.”

మళ్లీ టెండరు పిలిచారు. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. తగ్గించమని ఎందుకు అడగలేదని మన లెక్కల తనిఖీవాళ్లు ఫైలు ఆపారు. అలా ఆగి ఉండగానే ఆ సంస్థ పెట్టిన గడువు తీరిపోయి, మోటర్లకని ఉంచిన డబ్బు వెనక్కి పోయింది. ఆ వార్త చెప్పిన ఇంజనీరు సారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. “అడిగితే తప్పాయె, అడగకున్నా తప్పాయె,” అన్నాడు నాయిన. “ఎవ్వడూ దొంగ కాదు బిడ్డా. ఎవని మీద కోపం జేద్దాం?”

పొద్దు గూకే వేళ గాలి లేస్తే ఉత్త ట్యాంకీ మూలిగేది. పొలాల మీదుగా వచ్చే ఆ చప్పుడు వినపడకుండా అమ్మ కిటికీ మూసేది. బిందె పెట్టడం మాత్రం నాయనమ్మ మానలేదు. ఎవరూ వద్దనలేదు.

బోనాల నెలలో ఆమె మంచం పట్టింది. చుట్టాలంతా చుట్టూ చేరిన రోజు, “నల్లా వచ్చిందారా?” అని అడిగింది. నాయిన వంటింట్లోకి పోయి డ్రమ్ములోంచి గ్లాసు ముంచుకొచ్చి, “వచ్చిందవ్వా. ఇగో, తాగు,” అన్నాడు.

రెండు గుక్కలు మింగి కొడుకు మొహంలోకి చూసింది. “డ్రమ్ము వాసన కొడుతున్నయి రా,” అంది. నాయిన గ్లాసు వెనక్కి తీసుకోబోతే ఇవ్వకుండా, “తియ్యగనే ఉన్నయి తియ్,” అని గ్లాసు ఖాళీ చేసింది. ఆ మాపటికే పోయింది.

నేనిప్పుడు హైదరాబాదులో టెండర్లు చూసే దఫ్తరులోనే పనిచేస్తున్నాను. ఈమధ్య మన అధికారులూ, సాయం ఇచ్చే సంస్థల వాళ్లూ ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరికీ చెల్లే ఒకే పద్ధతి రాసుకున్నారు. టెండరు తెరిచాక తక్కువ చెప్పినవాళ్లతో మాట్లాడవచ్చా అన్న ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగారు. చివరికి మాట్లాడకూడదని ఇద్దరూ ఒప్పుకున్నారు. చాయ్ వచ్చింది. పక్కనున్న విదేశీ అధికారిణి నవ్వుతూ, ఇంత చిన్న మాటకు ఇంతసేపా అంది. చెబుదామని నోరు తెరిచాను. చాయ్ చల్లారిపోతుందని మాత్రం అన్నాను.

ఆ ఆదివారం ఊరికి పోయాను. ట్యాంకీని ఎప్పుడో పడగొట్టారు. బావి పూడ్చారు. నాయిన పోయాక మేం అమ్ముకున్న ఇంటి చోట వరసగా కిరాయి గదులున్నాయి, గదికో నల్లా ఉంది. వేరే పథకం కింద వచ్చిన నీళ్లు ఒకచోట ఊరికే పారుతున్నాయి. బట్టలుతుకుతున్న బీహారు అమ్మాయి తలెత్తి, ఎవరు కావాలి దీదీ అని హిందీలో అడిగింది. నాయనమ్మ పేరు చెప్పాను. నాయిన పేరు చెప్పాను.

ఆమె పక్క గదిలోవాళ్లను కూడా కేకేసి అడిగి, ఆ పేర్లవాళ్లు ఇక్కడ ఎవరూ లేరంది.