చేతికొచ్చిన చేప

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివరి టీ కొట్టు దగ్గర రెండు వారాలుగా ఒకటే వీడియో ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతోంది. ఒకావిడ మూసీ మడుగులో మోకాళ్ళ లోతున నిలబడి చెయ్యి చాపుతుంది. మూరెడు కొరమీను నెమ్మదిగా వచ్చి ఆ అరచేతిలో పడుకుంటుంది. ఆవిడ పైకెత్తినా తోక కొట్టదు. వెనక నిలబడ్డ జనం గంగమ్మకు జై కొడతారు.

నేను ముప్పై ఏళ్ళు కోచింగ్ సెంటర్లలో జంతుశాస్త్రం చెప్పాను. సాయంత్రాలు సభలకు పోయి దయ్యాలూ మహిమలూ లేవని వాదించాను. కొరమీను సంగతి నాకు తెలుసు. నీడ పడితే బురదలో దూరుతుంది, పట్టుకుంటే జారిపోతుంది, గట్టిగా పట్టుకుంటే ముఖం మీద తోకతో కొడుతుంది. ఎవరో మేత వేసి మచ్చిక చేశారని తేల్చుకున్నాను. ఇంట్లోనే కూర్చుని ఈ మూఢత్వం మీద ఒక వ్యాసం రాసి పడేసేవాణ్ణి. శనివారం నరేశ్ ఫోన్ చేయడంతో కదలవలసి వచ్చింది.

నరేశ్ ఒకప్పటి నా విద్యార్థి. ఇప్పుడు క్యాబ్ నడుపుతూ, భార్య సుజాతతో వనస్థలిపురంలో కిరాయి ఇంట్లో ఉంటున్నాడు.

“సార్, మా అమ్మ గా మడుగు చేపలు తెచ్చి సుజాతకు పెడ్తున్నది. ఏడో నెల కద. నెల సంది తింటున్నది.”

“తింటే ఏమైంది?”

“ఏం అయితలేదు సార్, గదే నా పరేషాన్. నిన్న ఎల్బీనగర్ల రోడ్డు దాటుతుంటే బస్సు హారన్ కొట్టుకుంట మీదికొచ్చింది. ఈమె అటు చూడనన్నా చూడలే. డ్రైవర్ బ్రేకేసిండు కాబట్టి బతికింది. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్తున్నది సార్, పక్కింటోళ్ళ ముచ్చట చెప్పినట్టు.”

గర్భిణికి మత్తుగా, పరధ్యానంగా ఉండటం మామూలేనని చెప్పబోయాను. ఎందుకో నోరు రాలేదు. పొద్దున్నే వస్తానన్నాను.

ఆదివారం ఏడు గంటలకు దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. సంచిలో కొలిచే టేపు, కొక్కెం తక్కెడ, రెండు పాత తువాళ్ళు ఉన్నాయి. ఎదురు సీట్లో హాస్టల్ అమ్మాయి ఒకతె పచ్చటి నీళ్ళున్న చిన్న సీసా పట్టుకుని కూర్చుంది. మందా అని అడిగాను.

“మడుగు నీళ్ళు అంకుల్. మా రూమ్మేట్ తెచ్చింది. తల మీద చల్లుకుంటే ఎగ్జామ్ భయం పోతుందంట.”

“చదివితే పోతుంది. ఆ నీళ్ళు మాత్రం నోట్లోకి పోనివ్వకమ్మా, మురికివి.”

“మీకేం అంకుల్, మీకు ఎగ్జామ్ లేదు కదా.”

విక్టోరియా మెమోరియల్‌లో దిగిపోయింది. తర్వాతి స్టేషనే ఎల్బీనగర్.

స్టేషన్ మెట్లు దిగి కూడలి దాటితే రోడ్డు పక్కన నీలం టబ్బుల్లో బతికున్న కొరమీలు అమ్మేవాళ్ళు వరసగా కూర్చుంటారు. మొదటి టబ్బు నరేశ్ వాళ్ళమ్మ యాదమ్మది. నరేశ్ పరిచయం చేసి, ఎయిర్‌పోర్టు కిరాయి ముగించుకుని నేరుగా మడుగు దగ్గరికి కారు తెస్తానని వెళ్ళిపోయాడు.

“చేపలకు పరీక్ష పెడ్తరంట గద సారు. ఎంసెట్టా, నీటా?” అంది యాదమ్మ.

“రెండూ. కోడలికి మీ టబ్బులో చేపలే పెట్టొచ్చు కదమ్మా?”

“ఇవి పైసల చేపలు సారు. ఏడ్నో పెంచుతరు, లారీలల్ల ఒస్తయ్. గది గంగమ్మ ఇచ్చింది. వల లేకుంట, గాలం లేకుంట చేతికొచ్చిన చేపను అమ్మొద్దు, మళ్ల నీళ్ళల్ల ఇడువొద్దు. ఇంట్ల కడుపుతోటి ఉన్నామెకు వండిపెట్టాలె. నరేశ్ కడుపుల ఉన్నప్పుడు మా అత్త నాకు పెట్టింది. ఒక్కటంటే ఒక్కటొచ్చింది అప్పుడు.”

“ఇప్పుడు?”

“దినాం ఒస్తున్నయ్.” ఆమె గొంతులో గర్వం దాచినా దాగలేదు. “నిన్న మాపటికి కూడ ఒకటి ఇచ్చొచ్చిన. ఇయ్యాల వండుకుంటది పిల్ల.”

పోల్చి చూడటానికి ఆమె టబ్బులోంచి ఒక కొరమీను కొని మూత బకెట్టులో వేయించుకున్నాను. టబ్బులు పక్కామెకు అప్పగించి యాదమ్మ నాతో బయల్దేరింది. సారు ఏం తప్పు చేస్తాడో చూడాలని వస్తున్నట్టుంది ఆమె వాలకం.

విజయవాడ రోడ్డులో పెద్ద అంబర్‌పేట్ దాకా సిటీ బస్సు. వనస్థలిపురం దాటాక పక్క సీట్లో పెద్దమనిషి, గోదావరి వైపు మనిషి, బకెట్టు వైపు చూశాడు.

“ఏంటండీ అందులో?”

“కొరమీనండి.”

“ఈ ఊరి చేపల్లో రుచుండదండి. మా వైపు...” అంటుండగా డ్రైవర్ హారన్ కొట్టాడు. లోపల చేప ఎగిరి మూతను దబ్బున గుద్దింది. ఆయన రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కున్నాడు. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. దారిపొడవునా ప్రతి హారన్‌కూ చేప మూతను గుద్దుతూనే ఉంది.

పెద్ద అంబర్‌పేట్‌లో దిగి ఇడ్లీ తిని, నది వైపు పోయే షేర్ ఆటో ఎక్కాం. మడుగున్న ఊరి పేరు నేను రాయను. రాస్తే రేపటికి ఇంకో వందమంది పోతారు.

ఊరు అరకిలోమీటరు ఉందనగా ఆటో ఆగింది. రోడ్డు మధ్యలో ఒక కొంగ నిలబడి ఉంది. డ్రైవర్ హారన్ కొట్టాడు, ఇంజన్ రేపాడు, కొంగ కదల్లేదు. అతను విసుగ్గా దిగి, కొంగను రెండు చేతులా ఎత్తి గట్టు మీద పెట్టి వచ్చాడు. పెట్టినచోటే, పెట్టినట్టే నిలబడింది.

“దెబ్బ తగిలిందా దానికి?” అన్నాను.

“లేద్సార్. ఈ మధ్య గిట్లనే ఉంటున్నయ్. చేపలు మస్తుగ తిని బలిసినయ్.”

మడుగు దగ్గర నురగ వాసన తప్ప వింతేమీ లేదు. ఇరవైమంది దాకా జనం. కోడి పేగులు ముక్కలు చేసి నీళ్ళలో వేస్తున్నారు. కొరమీలు పైకి తేలి, తొందర లేకుండా, ఒకదాన్నొకటి తోసుకోకుండా తింటున్నాయి. మేత దగ్గర కొట్టుకోని చేపల్ని నేను ఎప్పుడూ చూడలేదు. నీళ్ళలో చప్పుడు లేదు.

యాదమ్మ దిగి చెయ్యి పెట్టింది. ఒకటి వచ్చింది. దాన్ని తడి తువాలులో చుట్టి నాకిచ్చింది.

చేప ఒంటి స్థితి చూడాలంటే ముందు పొడవు, తర్వాత బరువు. తిండి లేని చేపకు తల పెద్దదిగా, నడుం పీలగా, వీపు కత్తి అంచులా ఉంటుంది. ఇది టబ్బు చేప పొడవే ఉంది, బరువు మాత్రం దానికన్నా బాగా ఎక్కువ. వీపు గుండ్రం, పొట్ట గట్టి. మొప్పల మూత ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉంది. పుండ్లు లేవు, పొలుసు ఊడలేదు. నాకు సభలో మైకు దొరికినట్టయింది.

“చూశారా. రోజూ కోడి పేగులు మేపితే ఏ చేపైనా చేతికొస్తుంది. మహిమా లేదు, మాయా లేదు. బలంగా, ఆరోగ్యంగా ఉన్న మచ్చిక చేప.”

“నేను చెప్తున్నది గదే కద సారు, మంచి చేపనే అని,” అంది యాదమ్మ. జనం నవ్వారు.

అప్పుడు చేపను పక్కకు వంచాను. బతికున్న చేపను ఎటు వంచినా కన్ను గూట్లో తిరిగి నేలకు సమంగా నిలవాలి. ఒళ్ళు పక్కకు తిరిగినా చూపు తిరగదు. టబ్బు చేపను వంచితే కన్ను గిర్రున తిరిగింది. మడుగు చేప కన్ను తిరగలేదు. బొమ్మకు అతికించినట్టు ఒంటితోపాటే వంగింది. ఇంకో చేపను తెప్పించాను, ఇంకోదాన్ని. అన్నీ అంతే.

బకెట్టు నీళ్ళలో వెల్లకిలా వదిలాను. టబ్బు చేప వేలు తీసేలోగా బోర్లపడి అంచులకు కొట్టుకుంది. మడుగు చేప పొట్ట పైకి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. చనిపోలేదు. మొప్పలు మెల్లగా, హాయిగా ఆడుతున్నాయి. తెల్లటి పొట్ట మీద ఎండ పడుతోంది. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, ఆ మాట దాచను.

మేత మచ్చిక చేయగలదు. పైకీ కిందికీ తేడా మరిపించలేదు. నేను బరువు చూసి ఆరోగ్యమన్నాను, అది తప్పని ఆ ఇరవైమంది ముందే చెప్పాను. ఎగువన ఎక్కడో నీళ్ళలో ఏదో కలుస్తోంది. ఏమిటో పరీక్ష చేస్తేగాని తెలియదు. కడుపుతో ఉన్న మనిషి మాత్రం వీటిని తినకూడదు.

యాదమ్మ ముఖం ముడుచుకుపోయింది. “తెలువదంటవు, తినొద్దంటవు. అమ్మ ఇచ్చింది కాదంటే మా ఇంటికి మంచిదా సారు?”

అప్పటికే వచ్చిన నరేశ్ నన్ను పక్కకు లాగాడు. “సార్, మీకు దండం పెడ్తా. గంగమ్మ కోపం మీదున్నది, తినొద్దన్నదని చెప్పుండ్రి. మా అమ్మ ఇప్పుడే బంద్ చేస్తది. మీ మాట ఇంటది.”

ఆ ఒక్క అబద్ధంతో పని అయిపోయేది. కడుపులోని బిడ్డ తలపుకొచ్చి ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇవాళ గంగమ్మ వద్దన్నదని నేనంటే, వచ్చే వారం తినమన్నదని ఇంకొకడంటాడు. అప్పుడు ఆ పిల్ల పళ్ళెంలో ఏముండాలో ఎవరి గొంతు పెద్దదైతే వాడు చెప్తాడు. నేను యాదమ్మనే పిలిచి బకెట్టు ముందు కూర్చోబెట్టాను.

“నేను చెప్పేది వినకమ్మా. దీన్ని చూడు. ఇట్లా ఉన్న మనిషిని ఎక్కడైనా చూశావా?”

ఆమె వంగి చూసింది. వేలితో చేప పొట్టను నెట్టింది. అది నెట్టినంత దూరం పోయి ఆగింది.

“మా ఆయన,” అంది చివరకు. “మత్తుమందు కలిపిన కల్లుకు పడ్డప్పుడు. బండి మీదికొచ్చినా జరగకపోయెటోడు. కొట్టినా నవ్వెటోడు. గిట్లనే మీదికి చూసుకుంట పండెటోడు.” తడి వేలు కొంగుకు తుడుచుకుని, “ఇంటి ముందల రోడ్డు మీదనే పోయిండు,” అంది.

నరేశ్ తల దించుకున్నాడు. రోడ్డు మీద కొంగ గురించి నేను ఎత్తబోయాను. అవసరం లేకపోయింది. ఆమె వెనక్కి తిరిగి గట్టు వైపు చూస్తోంది. నాలుగు కొంగలు నిలబడి ఉన్నాయి. పిల్లలు వాటి మధ్యనుంచి పరుగెత్తుతున్నారు, ఒక్కటీ లేవడం లేదు.

“సుజాతకు ఫోన్ చెయ్ రా,” అంది.

ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తలేదు.

యాదమ్మ ఆ చేపను తీసుకుని నీళ్ళలోకి నడిచింది. మళ్ళీ వదలకూడదన్న చేపను వదిలింది. అది పోలేదు. వెనక్కి తిరిగొచ్చి ఆమె కాలి మడమకు ఆనుకుంది. కాలితో నెట్టింది. మళ్ళీ వచ్చింది. ఇంకో నాలుగు దాని వెంట వచ్చాయి. ఆమె వాటి మీద నుంచి కళ్ళు తీయకుండా వెనక్కి నడుస్తూ గట్టెక్కింది. టబ్బు చేపను అక్కడ ఒకాయనకు ఇచ్చేసి, పరీక్షకు మడుగు చేపలు రెండిటిని నేను బకెట్టులో వేసుకున్నాను. మూత పెట్టాల్సిన పని కూడా లేదు.

పదకొండు దాటాక వనస్థలిపురం చేరాం. తలుపు బార్లా తీసి ఉంది. సుజాత పొయ్యి ముందు నిలబడి కూర కలుపుతోంది. ఫోన్ ఆమె పక్కనే గట్టు మీద ఉంది. యాదమ్మ పోయి గిన్నెను రెండు చేతులా లాగి నేల మీదికి తోసింది. ఆ చప్పుడుకు నేనూ నరేశూ ఎగిరిపడ్డాం. సుజాత రెప్ప వేయలేదు. చేతిలో గరిటె అట్లాగే ఉంది.

“ఏమైంది అత్తమ్మా? ఉప్పు మంచిగనే ఉన్నది, ఒక ముక్క చూసిన,” అంది చల్లగా.

“దవాఖానకు పోదాం పా బిడ్డా.”

“పోదాం,” అంది. ఎందుకని అడగలేదు. చెప్పులు వేసుకుంది.

ఎల్బీనగర్‌లో ఆస్పత్రి రోడ్డుకు అవతల. నరేశ్ కారు నిలపడానికి పోతే మేం ముగ్గురం దాటాం. యాదమ్మ కోడలి మణికట్టును రెండు చేతులా పట్టుకుంది, జారిపోయే చేపను పట్టుకున్నట్టు. లారీలు అరుస్తూ పోతున్నాయి. సుజాత ఎదురుగా చూస్తూ చిన్నగా నవ్వుతూ నడిచింది.

లోపల డాక్టరమ్మ సుజాత కడుపు మీద యంత్రం పెట్టింది. గది నిండా బిడ్డ గుండె చప్పుడు వేగంగా వినపడింది. బాగుందంది. తల్లి రక్తం పరీక్షకు పంపి, కొన్నాళ్ళు ఇక్కడే ఉంచుకుంటామంది. చేపల వల్లేనా అని అడిగితే, ఇప్పుడే చెప్పలేనంది. నిజాయితీ ఉన్న జవాబు అదొక్కటే. యాదమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని కోడలి పాదం పట్టుకుంది. “నా చేత్తోని పెట్టిన సారు,” అంది. మడుగు చేపల బకెట్టు నరేశ్‌కే అప్పజెప్పి, సోమవారం పొద్దున్నే ప్రయోగశాలకు కలిసి పోదామని చెప్పి బయటికొచ్చాను.

ఇది చదివి మడుగుకు పోదామనుకునేవాళ్ళకు నా మాట ఒకటే. పోవద్దు. పోయినా చెయ్యి పెట్టవద్దు. చేతికొచ్చిన చేపను ఇంటికి తేవద్దు.

నా ఉపన్యాసాలన్నీ భయపడవద్దు అనే మాటతో మొదలయ్యేవి. చీకటికి భయపడవద్దు, శాపానికి భయపడవద్దు. ఆ మాటను ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కానీ భయమన్నది బొత్తిగా లేని ప్రాణి ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూసి ఉండలేదు. అది చాలా ప్రశాంతంగా ఉంటుంది. ఎవరు తీసుకుపోతే వాళ్ళతో పోతుంది.

మధ్యాహ్నం రెండింటికి ఎల్బీనగర్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం నిండా జనం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లలు, సంచులు మోసే ఆడవాళ్ళు, ఫోన్‌లో తలదూర్చిన కుర్రాళ్ళు. రైలు గాలిని తోసుకుంటూ వచ్చింది. ఎవరూ చెప్పకుండానే, తల కూడా ఎత్తకుండానే, అంతమందీ ఒక్క అడుగు వెనక్కి వేశారు. నేను వాళ్ళ మధ్య నిలబడి, నా కాళ్ళు కూడా వెనక్కి జరిగాయని చూసుకుని, రైలెక్కాను.