షెల్టరు శ్లాబులో మంచినీళ్లు

ఎనభైల చివర్లో నేను రేపల్లె దగ్గర ఒక సముద్రతీర పల్లెలో టీచరుని. ఊళ్లో కడుతున్న తుఫాను షెల్టరు శ్లాబు కాంక్రీటులో మేస్త్రీ బావిలోని ఉప్పునీళ్లు కలపబోయాడు. అంతకుముందు ఆ నీళ్లతోనే కట్టిన మా బడి కప్పులో ఇనుము తుప్పుపట్టి, పెచ్చులు పిల్లల పక్కనే రాలేవి. నేను వెళ్లి కంకర గుట్ట మీద కూర్చున్నాను.

"మంచినీళ్లు తెస్తేనే లేస్తానండి."

"తాగడానికే మైలు దూరం పోతున్నారు, శ్లాబుకి ఎక్కడ తేవాలి టీచరుగారూ?" అని మేస్త్రీ విసుక్కున్నాడు. నేను లేవలేదు.

చెరువు నుంచి వస్తున్న మరియమ్మ పిన్ని తన బిందె అక్కడే దించింది. "ఇయ్యి పోసెయ్ అబ్బాయ్. వంట తర్వాత చూసుకుంటాంలే." ఆమె వెనకే ఆడవాళ్లంతా బిందెలతో నీళ్లు మోశారు.

తర్వాతి తుఫానుకి ఊరంతా ఆ శ్లాబు కిందే తలదాచుకున్నాం. గాలి హోరులో పిన్ని పైకే చూస్తోంది. ఏంటని అడిగాను.

"నా బిందెడు నీళ్లు ఏ మూలనున్నాయో చూసుకుంటున్నానమ్మా" అంది.