ఓదెలు మాస్టారి ఖరాబు సామాను

ఓదెలు మాస్టారు ఖాళీ చేతులతో హోమ్ గేటు దాటిన రోజు లేదు. ఆయన చేతిలో ఉన్న వస్తువు పనిచేసిన రోజూ లేదు. సోమవారం మిక్సీ, మంగళవారం ఇస్త్రీ పెట్టె, బుధవారం రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను. తప్పు చేసి దొరికిన మగపిల్లలను ఉంచే ఆ హోమ్‌లో ఆయన కరెంటు పని నేర్పుతాడు. నేర్పడానికని తెప్పించిన కొత్త మోటార్లు బీరువాలో నిగనిగలాడుతూ కూర్చున్నాయి. ఆయన వాటి మొహం కూడా చూడడు.

"మస్తు మంచిగున్నయి మేడమ్. మంచిగున్నదాన్ని ఏం బాగు చేస్తం?" అన్నాడు, కొత్తగా వచ్చిన ప్రొబేషన్ ఆఫీసర్ స్రవ్యతో.

స్రవ్య బీరువా తలుపు మూసేసింది. పాపం, ఉద్యోగంలో చేరి నెల కాలేదు. ఆ హోమ్‌లో ఆమెకు అర్థం కానివి చాలా ఉన్నాయి. ఏ ఫైలు ఏ బీరువాలో ఉంటుందో తెలియదు, ఏ గంట ఎందుకు కొడతారో తెలియదు. అన్నిటికన్నా అర్థం కానిది ఓదెలు మాస్టారు.

"మీ ఇంట్లో ఎన్ని మిక్సీలున్నయి సార్?" అని ఒకరోజు అడిగేసింది.

"ఒక్కటే మేడమ్. అది ఎన్నడు ఖరాబు కాలే."

"మరి ఈ చేతిలోది?"

"ఇది ఖరాబైంది."

స్రవ్య మంచినీళ్లు తాగి తన గదికి వెళ్లిపోయింది.

క్లాసు చూస్తే అయోమయం ఇంకా పెరిగింది. మాస్టారు సామానుతో పాటు తిట్లు కూడా మోసుకొస్తాడు. తనుండే గలీలో ఎవరు ఏమన్నారో ఒక్క ముక్క వదలకుండా పిల్లలకు అప్పజెప్తాడు.

"ఈ ఫ్యాను చేసిన ఉస్తాద్ ఎవరు? మా ఎదురింటి ఖైసర్ బేగం మస్తు గరమున్నది. గాలి తక్కువ, లొల్లి ఎక్కువ అంటున్నది."

అంజన్ లేచి నిలబడ్డాడు. బండ్ల దొంగతనంలో దొరికిన పిల్లవాడు, పదిహేడేళ్లు. హోమ్‌లో ఎవరు ఏమన్నా తల భూమిలోకి దించేస్తాడు. ఈ తిట్టుకు మాత్రం తలెత్తాడు.

"నేనే సార్. బుష్ అరిగింది, మార్చలే."

"ఎందుకు మార్చలే? ఉస్తాదైతే గిట్ల చేస్తడా అని ఆమె అడుగుతున్నది. నేనేం చెప్పాలె?"

అంజన్ ఆ రోజు అన్నం గంట కొట్టినా లేవలేదు. ఫ్యాను గప్‌చుప్‌గా తిరిగాకే లేచాడు.

"ఒక్క మెచ్చుకోలు కూడా చెప్పొచ్చు కద సార్," అంది స్రవ్య జాలిపడి.

"మెచ్చుకుంటే ఆడికే అయిపోతది మేడమ్. తిట్టినోళ్లు మళ్ల సామాను ఇస్తరు."

స్రవ్య మళ్లీ మంచినీళ్లు తాగింది.

ఆమె అసలు బెంగ అంజన్ గురించి. ఇంకో పదిహేను రోజుల్లో వాడు బయటికి పోతాడు. సంతోష్‌నగర్‌లో మేనమామ తన దగ్గర ఉంచుకుంటానన్నాడు, కానీ పని కావాలి. "పని లేకుంటే పాత దోస్తులొస్తరు మేడమ్. రమ్మంటే వద్దనుడు నాకు రాదు," అని వాడే చెప్పాడు, ఏడుపు మొహంతో. స్రవ్య పదకొండు రిపేరు దుకాణాలకు ఫోన్ చేసింది. పదకొండు మందీ అడిగింది ఒకటే: "ఇన్నొద్దులు యాడ పనిచేసిండు?" పిల్లవాడు హోమ్‌లో ఉన్న సంగతి బయట చెప్పకూడదని రూలు. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. ఫోన్ పెట్టేసేది.

ఆ సమయంలోనే గేటు కాపలా డానియేలు ఆమె చెవిలో ఒక మాట వేశాడు. "ఓదెలు సారు ఛత్రినాకల రిపేరు దుకాణం నడుపుతున్నడంట మేడమ్."

స్రవ్యకు ఒళ్లు మండిపోయింది. పిల్లలతో ఉత్తపుణ్యానికి చాకిరీ చేయించుకుంటున్నాడా! సూపరింటెండెంట్ రామలింగయ్యకు చెప్పింది. "చూసి రిపోర్టు రాయున్రి. నిజమైతే క్లాసు బంద్," అన్నాడాయన.

ఆదివారం స్రవ్య తన ఇస్త్రీ పెట్టె సంచిలో వేసుకుని ఛత్రినాక వెళ్లింది. మాస్టారి ఇంటికి బోర్డు లేదు, దుకాణమూ లేదు. అరుగు మీద మాత్రం రెండు మిక్సీలు, ఒక హీటరు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఎదురింట్లో చీరలకు ఫాల్స్ కుడుతున్న ఒక పెద్దామె తలెత్తింది. ఆమే ఖైసర్ బేగం.

"ఓదెలు సార్ మంచిగ బాగు చేస్తరా అమ్మా?"

"ఆయన ఏం చేస్తడు బేటీ! కండ్లు కనవడయంట. మోసుడే ఆయన పని. చేసేది అంజన్."

"పైసలెంత?"

"ఒద్దంటడు. పని నేర్చుకునే పోరడు, పైసలొద్దు, తప్పుంటే కడుపునిండ తిట్టు అంటడు."

"ఆ అంజన్‌ను చూసిన్రా మీరు?"

"చూసుడెందుకు? వాని చెయ్యి తెల్సు నాకు. మొదట్ల ఖరాబు చేసేటోడు, ఇప్పుడు ఫస్ట్‌క్లాస్. వచ్చే నెల ఇక్కడికే వస్తడంట, గలీ గలీ ఎదురు చూస్తున్నది. వానికంటె ముందుగాల షాహెద్ ఉండె. వాడిప్పుడు బహదూర్‌పురల సొంత దుకాణం పెట్టిండు."

స్రవ్య గబగబా గలీ దాటి మాస్టారి గుమ్మంలోకి వెళ్లింది. ఆయన సూదిలో దారం ఎక్కించి చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. అద్దాలు కూడా లేవు.

"కండ్లు కనవడయన్నరట?"

దొరికిపోయిన పిల్లవాడిలా మాస్టారు చొక్కా వెనక్కి దాచాడు.

"రిపేరు నాకొస్తదని తెలిస్తే నాకే ఇస్తరు గద మేడమ్. ఇగ పోరగాళ్ల పేరు ఎవలకు ఎరుకైతది?"

స్రవ్యకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు కానివ్వాలో తెలియక ఇస్త్రీ పెట్టె ఆయన చేతిలో పెట్టింది. "అంజన్‌కు ఇయ్యండి సార్," అంది.

మర్నాడు రిపోర్టు రాసింది. "దుకాణం లేదు. గిరాకీ ఉంది. క్లాసు తప్పక నడవాలి."

"దుకాణం లేకుండ గిరాకేంది మేడమ్?" అన్నాడు రామలింగయ్య. రిపోర్టు రెండుసార్లు చదివి, ఆయన కూడా మంచినీళ్లు తెప్పించుకున్నాడు.

అంజన్ విడుదలైన మర్నాడే మాస్టారు, స్రవ్య వాణ్ని ఛత్రినాక తీసుకెళ్లారు. అరుగు పక్కనున్న చిన్న గదిలో వాడి పని మొదలు. వాడు తల వంచుకుని నడుస్తున్నాడు. ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబును దారి పొడుగునా పెదాలతో వల్లె వేస్తూనే ఉన్నాడు. గలీ మలుపులోనే ఖైసర్ బేగం అడ్డం వచ్చింది.

"నువ్వేనారా అంజన్?"

"అవు ఖాలా."

"ఇన్నొద్దులు యాడ పోయినవ్?"

అంజన్ మొహం తెల్లబోయింది. వల్లె వేసిందంతా గాలికి పోయింది. మాస్టారు ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు.

"యాడికన్న పో, నాకెందుకు!" అంది ఖైసర్ బేగం తనే. "మోటరు ఖరాబై, పెండ్లి చీరలు ముంగటేసుకుని చేత్తో తిప్పుతున్న మిషిన్. ఎవరు చూస్తరు దీన్ని, నీ తాతనా?" కుట్టుమిషన్ మోటరు తెచ్చి వాడి చేతుల్లో పడేసింది.

అంజన్ దాన్ని తిరగేశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, వాసన చూశాడు. వంగిన నడుము నెమ్మదిగా నిటారైంది.

"కార్బన్లు అరిగిపోయినయి ఖాలా. లోపటంత దారం పోగులు. ఎన్నడన్న సాఫ్ చేసినవా దీన్ని? గిట్ల వాడుతరా ఎవలన్న?"

ఖైసర్ బేగం తల దించుకుంది.