ఒకటే లెక్కన కడిగిన ఫోటోలు

పెండ్లయి నేను గద్వాలకు వచ్చేనాటికి మా ఆయనకు చిన్న ఫోటో స్టూడియో ఉండె. ఫోటోలు తీసుడు ఆయన పని. ఎర్రబల్బు గదిల కడుగుడు మెల్లమెల్లగ నా పనైంది. కాయితం మీద వెలుగు ఎక్కువసేపు పడితే ఫోటో నల్లగైతది, తక్కువైతే పాలిపోతది; ఎన్ని సెకన్లు పడాల్నో ముందుగాల తెల్వదు. అందుకే ప్రతి ఫోటోకు మొదలు ఒక చిన్న ముక్క కడిగి చూస్తుంటి. దానికే సగం పొద్దు పోయేది.

ఒకనాడు ధరూర్ దిక్కు ఊరి నుంచి ట్రాక్టర్ నిండ ముసలోళ్లు దిగిండ్రు. పింఛన్ కాయితాలకు ఫోటోలు గావాలె, అదీ సాయంత్రానికే. మా ఆయన పరేషానైండు.

"ఒక్కొక్కటి చూసుకుంట కడిగితే రేపటికి గూడ గాదే," అన్నడు.

నాకొకటి తోచింది. "అందర్ని అదే కుర్చీల, అదే లైటు కింద కూసోవెట్టు. ఒక్కదానికి లెక్క కుదిరితే మిగిలినయన్ని అదే లెక్కన కడుగుత."

గట్లనే చేసినం. మొదటి తాత ఫోటో ఏడు సెకన్లకు మంచిగొచ్చింది. ఇగ ముక్కలు కడిగేది లేదు. లైటు వేసుడు, ఏడు దాంక లెక్కవెట్టుడు, ఆర్పుడు, మందునీళ్లల్ల ముంచుడు. పొద్దు వాలకముందే తీగెకు అందరి మొకాలు వరుసగ వేలాడినయి. మా ఆయన ఖుషీగ చాయ్ తెప్పిచ్చిండు.

ఫోటోలు పంచుతుంటే ఒక అవ్వ తన ఫోటో అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"బిడ్డా, గీండ్ల నేనేది?"

నెత్తిమీది తెల్లకొంగు సాఫ్‌గ కనవడుతుంది. దాని కింద మొకం బొగ్గు లెక్క ఉంది.

"సర్కారోళ్లకు గది చాలవ్వా, ఎక్కు," అన్నడు ట్రాక్టర్ నడిపేటాయన.

అవ్వ కదల్లే. "నా ఫోటో నేనెన్నడు సూసుకోలే," అన్నది నా దిక్కు చూసి.

నాకు పానం ఆగలే. నెగిటివ్ కిటికీ వెలుగుకు పెట్టి చూసిన. కండ్లు, ముక్కు, ముడుతలు అన్ని అందుల ఉన్నయి. ఆమె చామనచాయకు ఏడు సెకన్లు ఎక్కువైనయి, అంతే. మళ్ల లోపలికి పోయి నాలుగు సెకన్లే వెలుగిచ్చిన. మందునీళ్లల్ల మొదలు కండ్లు తేలినయి, ఆ తర్వాత నొసట పచ్చబొట్టు.

తడి ఫోటోనే తెచ్చి చేతికిచ్చిన. అవ్వ పచ్చబొట్టు మీద వేలు పెట్టబోయి ఆగింది.

"గిది మా అమ్మ పొడిపిచ్చింది," అన్నది. "నా ఈడోళ్లకు సూపియ్యాలె. ఇంకోటిస్తవా బిడ్డా?"

ఇంకోటి కడిగిచ్చిన. ట్రాక్టర్ల అందరు ఆమె కోసం కూసున్నరు.