మాడిన రొట్టె వాసన

ఈ ఉదయం పక్కింట్లో జొన్న రొట్టెలు చేస్తున్నారు. పీట మీద అరచేయి పడే చప్పుడు గోడ దాటి వచ్చింది. తప్ తప్ తప్ తప్, కాసేపు ఆగి, మళ్ళీ తప్ తప్ తప్. ఆ వెనకే పెనం మీద ఏదో మాడుతున్న వాసన. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను. నారాయణఖేడ్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు రొట్టెల చప్పుడు కొత్తేమీ కాదు, ఎవరూ చెవి పెట్టి వినరు. నాకు మాత్రం ఆ చప్పుడూ ఆ మాడు వాసనా కలిసి వస్తే మార్తమ్మ మేడం వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఆమె పోయి ఏడాది దాటింది.

మార్తమ్మ మేడం నేను మొదట ఉద్యోగంలో చేరిన ప్రైవేటు స్కూలుకు హెడ్మిస్ట్రెస్. తాతల కాలం నుంచి చర్చికి వెళ్ళే కుటుంబం. మెడలో సన్నని గొలుసుకు చిన్న సిలువ, ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు విప్పగా చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు, అది పిల్లల్ని అదిలించడానికే. కోపం ముక్కు మీదే ఉండేది. స్కూలును ఒంటిచేత్తో నడిపిన మనిషికి వంట మాత్రం రాదు. ఆమె డబ్బాలోంచి తీసిన రొట్టెకు అంచు ఎక్కడుందో, మాడు ఎక్కడ మొదలైందో స్టాఫ్‌రూంలో ఎవరమూ తేల్చలేకపోయేవాళ్ళం. ఎంత ఎగతాళి చేసినా తాను నవ్వుకుంటూ తినేవారు, మాకూ తలా ఒక ముక్క అంటగట్టేవారు. నేను చేరిన కొత్తలో నా క్లాసు సంతలా ఉండేది. ఒకరోజు ఆమె వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. గంట కొట్టాక వరండాలో ఆపి, "పిల్లలు లొల్లి చేస్తే పరేషాన్ గాకు బిడ్డా. ఎప్పుడూ లొల్లి చేసెటోడు సప్పుడు చేయకుంటే, గప్పుడు పోయి సూడు," అన్నారు. పాఠం చెప్పడం గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆ మాటే. తరువాత ఆ మాటతోనే ఆమె నన్నూ కనిపెట్టారు.

నాకు జబ్బు వచ్చినప్పుడు అది జబ్బని ఎవరికీ తోచలేదు, నాకు కూడా. ఇంట్లో ఏ కష్టమూ లేదు. ఆ ఏడు కంది బాగా పండింది, మా ఆయన ఒక్కమాట అనే మనిషి కాదు, పిల్లలిద్దరూ బాగానే చదువుతున్నారు. అయినా పొద్దున్నే కళ్ళు తెరిస్తే గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది. స్నానం చేయాలంటే కొండెక్కాలన్నంత బరువు. అన్నానికి రుచి లేదు, పూలకు వాసన లేదు. స్టాఫ్‌రూంలో అందరికంటే ఎక్కువ వాగేదాన్ని నోరు కట్టేసుకుని కూర్చుంటే మొదట గమనించింది మేడమే. ఆమె పోరు పడలేక సంగారెడ్డి డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. మందులు ఇచ్చాడు. కొన్ని నెలలు చూసి మార్చాడు, ఆ తరువాత ఇంకొకటి కలిపాడు. ఒకటి నిద్ర తెచ్చింది, ఒకటి నోరు ఎండబెట్టింది, గుండె మీది బరువు మాత్రం దిగలేదు. చూడవచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "నీకేం రంది? అన్నీ మంచిగున్నయి గదా." అన్నీ మంచిగా ఉన్నాయి కాబట్టే నాకు మరింత సిగ్గుగా ఉండేది. స్కూలు మానేస్తానంటే మేడం ఒప్పుకోలేదు. రోజూ సాయంత్రం వచ్చి, నాకు ఏ హితబోధా చేయకుండా, మా అత్తమ్మతో పాటు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీసేవారు.

ఒకరోజు నేను అత్తమ్మతో, నేను లేకపోతేనే మీ అందరికీ సుఖం అన్నాను. ఆ మాట కోపంతో అనలేదు. నిజంగానే అట్లా అనిపించింది. అత్తమ్మ బెదిరిపోయి సాయంత్రం ఆ మాట మేడం చెవిన వేసింది. మరునాడు పొద్దున్నే ఆమె గొడుగు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. సంగారెడ్డి డాక్టర్ ఈసారి మమ్మల్ని హైదరాబాద్ పంపాడు. అక్కడి పెద్ద డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడి, మందులకు లొంగని కుంగుబాటుకు అయస్కాంతంతో చేసే చికిత్స ఒకటి ఉందని, వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు వరసగా రావాలని చెప్పింది. అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేను, చాలామందికి మేలు చేసింది అని కూడా చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ గుండెలు బాదుకుంది. "తలకాయకు కరెంటు పెడ్తరట. మనిషి మనిషి లెక్క వస్తదా?"

"కరెంటు పెట్టరు, మత్తు గూడా ఇయ్యరు. కుర్సీల కూసోని మెల్కతోనే ఉంటది. అయస్కాంతం బిళ్ళ తలకు ఆనిస్తరు, అంతే," అన్నారు మేడం.

"అయితే ముందుగాల బోరంచకు పోవాలె. నల్లపోచమ్మకు చెప్పనిది నేను పంపను."

చర్చిలో ముందు వరసలో కూర్చునే మేడం ఏమంటారోనని నాకు భయం వేసింది. ఆమె మాత్రం "మొక్కు నువ్వు మొక్కుకో, ఆటో నేను మాట్లాడుతా," అని మాతో పాటు బోరంచ వచ్చి, గుడి బయట మా చెప్పులకు కాపలా కూర్చున్నారు. అత్తమ్మ అక్కడ ఒక రాగి తాయెత్తు తీసుకుని నా మెడలో కట్టింది. దాన్ని నేల మీద పెట్టకూడదు, గూట్లో పెట్టకూడదు, మనిషి ఒంటి మీదే ఉండాలి అని ఒట్టు వేయించుకుంది. ఆ ఎండాకాలమే మేడం రిటైరయ్యారు. విత్తనాల సమయం కాబట్టి మా ఆయన ఊరు కదలలేడు, పిల్లల్ని అత్తమ్మ చూసుకోవాలి. "నాకేం పని ఉన్నది ఇంట్ల? నేను పోతా," అని మేడం హైదరాబాద్‌లో తన చెల్లెలి ఇంటికి నన్ను తీసుకుపోయారు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. తల దగ్గర లోహం ఏదీ ఉండకూడదు, కమ్మలూ గొలుసూ తాయెత్తూ తీసేయమంది అక్కడి టెక్నీషియన్ అమ్మాయి. కమ్మలూ గొలుసూ తీశాను. తాయెత్తు మీద చేయి వేసి ఆగిపోయాను. అత్తమ్మకు ఇచ్చిన ఒట్టు ఉంది, ప్లాస్టిక్ డబ్బాలో పడేయడానికి మనసు రాలేదు. మేడం నా వెనక్కి వచ్చి దారం విప్పి, తన మెడలో కట్టుకున్నారు. సిలువ పక్కన నల్లపోచమ్మ తాయెత్తు. "ఒంటి మీదనే ఉండాలన్నది గదా మీ అత్త. ఎవరి ఒంటి మీద అని చెప్పలే. ఇగ పో లోపలికి," అన్నారు.

లోపల డాక్టరమ్మ ఆ బిళ్ళను తల మీద జరుపుతూ కొలతలు చూసింది. ఒకచోట టక్కుమన్నది, నా కుడిచేతి బొటనవేలు దానంతట అదే ఎగిరింది. ఎంత బలం పెట్టాలో ఆ వేలే చెబుతుందట. ఆ తరువాత ఎడమ నుదుటి పైన బిళ్ళ ఆనించి చికిత్స మొదలుపెట్టారు. చెవుల్లో దూది ఉన్నా చప్పుడు వినబడుతూనే ఉంది. కొట్టుకుంటూ పోవడం, కాసేపు ఆగడం, మళ్ళీ కొట్టుకోవడం. కొంచెం చురుక్కుమనేది, ఓర్చుకోవచ్చు. బయటికి రాగానే మేడం అడిగిన మొదటి ప్రశ్న, "లోపల రొట్టెలెవరు చేస్తుండ్రే?" అని. అప్పటి నుంచి ఆమె లెక్క అంతా రొట్టెల్లోనే. "ఇయ్యాల పిండి జర ఎక్కువ కలిపినట్టుండ్రు," అనేవారు ఆలస్యమైన రోజు. నేను నవ్వేదాన్ని కాదు. ఆమె అనడం మానలేదు.

మా ఊరి చర్చి నుంచి ఒకాయన ఏదో పని మీద హైదరాబాద్ వచ్చి, మేడంను పలకరించడానికి ఆ క్లినిక్‌కే వచ్చాడట. మెడలో తాయెత్తు చూసి మాట తడబడ్డాడట. తలుపు తీసుకుని నేను బయటికి వస్తున్నప్పుడు ఆమె జవాబు నా చెవిన పడింది: "గిది సుజాతది. లోపలున్నది. వచ్చినంక తీసుకుంటది." అంతకుమించి సంజాయిషీ ఏమీ లేదు. ఊళ్ళో నాలుగు నోళ్ళు ఏమంటాయో ఆమెకు తెలియక కాదు. నా కోసం ఒక మనిషి తన పేరును కూడా పణంగా పెట్టిందని ఆ రోజు నాకు తెలిసింది, కానీ దానికి రావలసిన కన్నీళ్ళు రాలేదు. రానందుకు ఎంతో బాధ వేసింది.

సగం వారాలు దాటినా నాలో మార్పు లేదు. ఒక సాయంత్రం బస్టాపులో, "ఇంటికి పోదాం మేడం. గిది నాకు పని చేస్తలేదు," అన్నాను.

ఆమె గొడుగు నేలకు ఆనించి నా వైపు తిరిగారు. "చేస్తదో చేయదో నాకు తెల్వదు బిడ్డా. చేయకుంటే ఇద్దరం కలిసే ఖేడ్ బస్సెక్కుదాం, డాక్టర్ ఇంకేం చెప్తదో సూద్దాం. నడుమల లేసి వస్తా అంటే మాత్రం నాతోని కాదు. నేను మీ అత్తకు ఏం మొకం సూపెట్టాలె?"

నాకు ఆమె మీద కోపం వచ్చింది. బస్సెక్కి ఆమె పక్కన కాకుండా వేరే సీట్లో కూర్చున్నాను. ఎన్నో నెలల తరువాత నాకు వచ్చిన మొదటి కోపం అది. ఆ సంగతి అప్పుడు గమనించలేదు.

కొన్నాళ్ళకు, ఒక ఉదయం, నేను ముందు గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. చెల్లెలు ఆఫీసుకు వెళ్ళిపోయింది, వంటింట్లో మేడం రొట్టెలు చేస్తున్నారు. ఉన్నట్టుండి ముక్కుకు మాడు వాసన తగిలింది. "మేడం, రొట్టె మాడుతున్నది," అన్నాను. లేచి వెళ్ళి స్టవ్ తగ్గించి, రొట్టె తిరగేశాను. మేడం పిండి చేతులతో అట్లాగే నిలబడి నన్నే చూస్తున్నారు.

"నిన్న గూడా మాడింది," అన్నారు మెల్లగా. "మొన్న గూడా మాడింది. నువ్వు ఇయ్యాల చెప్పినవ్."

ఇద్దరం ఆ వంటింట్లోనే కింద కూర్చుని ఏడ్చాం. ఆ తరువాత ఆ మాడిన రొట్టెనే వెల్లుల్లి కారంతో తిన్నాం. ఉప్పు లేదన్నాను. "వంకలు పెట్టుడు షురూ చేసినవా, ఇగ ఫికర్ లేదు," అని ఆమె చెంగుతో ముక్కు తుడుచుకున్నారు. నేను ఒక్కరోజులో బాగుపడలేదు. వాసన వచ్చింది, తరువాత ఆకలి వచ్చింది, చాలా రోజులకు నిద్ర వచ్చింది. చివరి రోజు క్లినిక్ మెట్ల మీద ఆమె తాయెత్తు విప్పి నా మెడలో కట్టారు. ఆ వానాకాలంలోనే మళ్ళీ స్కూల్లో నా కుర్చీలో కూర్చున్నాను.

మేడం నిద్రలోనే పోయారు. ఎవరికీ పని చెప్పలేదు. సమాధి దగ్గర అత్తమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఆ తరువాత కొన్ని నెలలకు ఒకనాడు పొయ్యి మీద పాలు పొంగి మాడిపోయినా ఎదురుగా ఉన్న నాకు తెలియలేదు. వెంటనే మా ఆయనను పిలిచి, హైదరాబాద్ పోవాలి అన్నాను. ఈసారి సిగ్గుపడలేదు, దాచుకోలేదు. మళ్ళీ కొన్ని వారాలు ఆ కుర్చీలో కూర్చున్నాను. తలుపు బయట అత్తమ్మ, మెడలో నా తాయెత్తు కట్టుకుని కూర్చుంది. బయటికి రాగానే, "ఎన్ని రొట్టెలైనయ్?" అని అడిగింది. ఆ లెక్క ఆమెకు మేడం ఎప్పుడు నేర్పారో నాకు తెలియదు.

అందుకే మాడు వాసన వస్తే అందరిలా నాకు ముందు చిరాకు రాదు. వాసన వచ్చింది, నాకు తెలిసింది, నేను బాగానే ఉన్నాను అన్న సంతోషం ముందు వస్తుంది. ఈ ఉదయం కూడా ఒక్క క్షణం ఆ సంతోషంతోనే కూర్చున్నాను. తరువాత లేచి గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటామెను పిలిచాను.

"వదినా, రొట్టె మాడుతున్నది, జర సూడు."