పెద్ద, చిన్న కత్తిరించిన రోజు

ఆ రోజు పొద్దున నేను ఒక మనిషిని ఒక్క మీట నొక్కి చెరిపేసినాను. పైగా పని బాగా కుదిరిందని టీ తెప్పించుకుని తాగినాను.

ఎనభైల చివర్లో సంగతి. ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్లకు నూలు ఇచ్చే ఒక ఆఫీసులో కంప్యూటర్ పెట్టినారు. ఆదోని నుంచి రోజూ బస్సులో వచ్చి దాన్ని చూసుకునేది నేను. హైదరాబాదులో కోర్సు చదివినవాణ్ని కాబట్టి, ఎవరైనా ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పే జబ్బు ఉండేది. ఒక పట్టికలో మనుషులు, ఇంకో పట్టికలో వాళ్లు తీసుకున్న నూలు, రెండింటినీ కలిపే ముడి మనిషి పేరే. ఆ ముడి వేసిన తెలివి నాదే.

"రెండుసార్లు పడిన పేర్లుంటే తీసేయొచ్చునా?" అని మేనేజరు అడిగినాడు.

"ఎంతసేపు సార్" అన్నాను. ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే వీధి ఉన్న జంటలను చూపమంటే మిషన్ చూపింది. ప్రతి జంటలో రెండోదాన్ని తీసేసినాను. తర్వాత బుద్ధిగా పట్టికకు నకలు తీసి, పాత నకలున్న ఫ్లాపీ మీదనే వేసినాను; పాతది చెరిగిపోయింది.

మధ్యాహ్నం ఒక నేతగాడు నూలుకు వచ్చినాడు.

"ఈ పేరు మీద నిన్ననే నూలు పోయింది కదప్పా" అన్నాను.

"అది మా అన్నది సార్. ఆయప్ప పెద్ద, నేను చిన్న. ఇద్దర్నీ ఒకే దేవునికి మొక్కి కన్నారు."

మా వైపు ఇది వింత కాదు. మొక్కు ఒకటైతే కొడుకులందరికీ అదే పేరు, ముందర పెద్ద, చిన్న చేరుస్తారు. పీర్లకు మొక్కిన ఇండ్లలోనూ అంతే. మా నాయనా చిన్నాయనా కూడా అట్లాంటి జంటే. అయినా పేరుకు నేను పెట్టిన గడి చాలడం లేదని, పెద్దనూ చిన్ననూ ఎక్కించేటప్పుడే కత్తిరించినాను.

"ఈసారికి మీ అన్న దగ్గర సగం తీసుకోరాదా" అన్నాను. తప్పు ఒప్పుకోవడం కంటే సలహా చెప్పడం సులువు.

"వేరుపడినాక మాటల్లేవు సార్. నూలు లేకుంటే మగ్గం నిలబడిపోతుంది. పెండ్లివాళ్లకు చీరలు ఒప్పుకున్నా." ఆయన తెర వైపు చూసినాడు. "మా అన్న నేను లేననుకోని శానా దినాలాయ. ఇప్పుడు ఇదీ లేడంటాంది. ఇది మా అన్న పక్షమా సార్?"

గుమాస్తా నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. పట్టికలో పేరు లేనిదే గోడౌన్ నుంచి నూలు కదలదు. లేచి మేనేజరు దగ్గరికి పోయి, తప్పు నాదని, పాత నకలు కూడా లేదని చెప్పినాను. నాలుగు మాటలు పడినాను. గడి వెడల్పు చేసి, 'చిన్న'తో సహా ఆయన్ను మళ్లీ ఎక్కించినాను. నూలు మూట ఆఫీసు సైకిల్ మీద పెట్టుకుని నేనే ఆయన ఇంటికి చేర్చినాను.

తక్కిన జంటల్లో ఎవరిని చెరిపినానో నాకే తెలియదు. ఆ వీధిలోనే ఇల్లిల్లూ అడగాలని బయల్దేరి, మొదట ఆ అన్న తలుపు తట్టినాను.

"నీ పేరు ముందర పెద్ద అని రాసుకోవాలి, అన్నా."

"ఎవరు సెప్పినారు?"

"మీ తమ్ముడు."

"వాడు నన్ను పెద్ద అన్నాడా?" సగం తెరిచిన తలుపు పూర్తిగా తీసినాడు. "రాసుకో."

రాసుకున్నాను. ఇకమీద పేరుకు బదులు ముడిగా ఉండేటట్టు మనిషికొక నెంబరు కూడా వేసి, పక్కింటికి పోయి అడిగినాను. ఆదోని ఆఖరి బస్సు పోయేదాకా అడుగుతానే ఉన్నాను.