సోమక్కకు ఇచ్చిన ఎర్రపెట్ట

పీరాంబీ, దూదేకుల దస్తగిరి భార్య. వయస్సు నలభై తొమ్మిది. నివాసం మైదుకూరుకు నాలుగు మైళ్ళ దూరాన ఉన్న నల్లబావిపల్లె. తాలూకా కచేరీలో ఇరవై ఎనిమిదేళ్ళు నకళ్ళు రాసి, ఇప్పుడు అదే పల్లెలో విశ్రాంతిగా ఉన్న అయ్యన్న ఆమెను ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఎరుగును. కొత్త కోడలుగా బండి దిగిన నాడు ఆమె చంకన ఒక పెట్టకోడి ఉండడం కళ్ళారా చూచినవాడు.

నడవడి పత్రం కోసం సర్కారు వారు పంపిన నమూనాలో మొదటి మూడు గడులలో అడిగినవి ఈ సంగతులే. నాలుగో గడి పేరు 'నడవడి'. దానికి వదిలిన చోటు రెండంగుళాలు. అందులో ఇమడవలసిన సంగతి ఇమడనందున ఈ కాగితాలు వేరుగా రాయవలసి వచ్చింది.

దస్తగిరి దూది ఏకే పని చలికాలంలో మూడు నెలలు నడుస్తుంది. మిగతా కాలమంతా ఆ ఇంటిని నడిపినవి పీరాంబీ కోళ్ళు. ఆమె పని చూడవలసినదే గాని చెప్పగలిగినది కాదు. పొదిగే పెట్ట కోసం గంపలో కొర్రపొట్టు పోసి, దాని మీద వేపాకు పరచి, ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక బొగ్గు ముక్క, విరిగిన కొడవలి కొన ఒకటి అడుగున దాచేది. పెట్ట ఒళ్ళు చూచి పదకొండో, పదమూడో గుడ్లు పెట్టేది గాని ఆశపడి ఒకటి ఎక్కువ పెట్టేది కాదు. ఏడో రోజున ఒక్కొక్క గుడ్డును పిడికిట పట్టి ఎండకెత్తి చూచేది. లోపల సన్నని ఎర్రటి నరాలు కనిపిస్తే మళ్ళీ గంపలో పెట్టేది. ఖాళీగా వెలుగుతున్న గుడ్డును తీసివేసేది. పిల్లలు లేచిన తరువాత పగిలిన కుండలో పేడ, తడిపిన చొప్ప కుక్కి దొడ్లో బోర్లించేది. తెల్లవారేసరికి దానినిండా చెదలు పట్టేవి. ఆ చెదలు తిని ఆమె కోడిపిల్లలు పది రోజుల్లో గద్ద వస్తే తప్పించుకొని పరుగెత్తేటంత బలిసేవి.

చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు తమ గుడ్లు తెచ్చి ఆమె చేతనే పొదగ వేయించుకొనేవారు. ఐదు పిల్లలు లేస్తే ఒకటి ఆమెది. పీరాంబీ చెయ్యి మంచిదని పేరు. ఆ పేరు ఆమెకు ఇష్టం. ఆ ఇష్టమే తరువాత జరిగినదానికి మూలమని ఆమే చెప్పింది.

ఇప్పటికి ఏడేళ్ళ క్రిందట, ఎండలు ముదిరిన రోజులలో, పొరుగు పల్లెలలో కోళ్ళకు కొక్కెర తెగులు తగిలిందని వినవచ్చింది. అది ఒక ఇంట చొరబడితే వీధి వీధంతా తుడిచిపెట్టే తెగులు. ఒక ఉదయం పీరాంబీ గూడు తెరచి కోళ్ళను వదలగా, ఎర్రపెట్ట ఒకటి మేతకు పోక గోడ వారగా నిలిచిపోయింది. ఈకలు ఉబ్బించుకొని, మెడ లోపలికి లాక్కొని, కళ్ళు అరమూసి ఉంది.

పొదుగుకు వచ్చిన పెట్ట కూడా అచ్చంగా అలాగే ఉంటుంది. మేత మాని, ఈకలు ఉబ్బించుకొని, ఒక మూల చేరుతుంది. కొత్తవారికి తేడా తెలియదు. పీరాంబీకి తెలుసు. పొదుగు మీద ఉన్న పెట్టను తాకితే గుర్రుమని పొడుస్తుంది, దాని కడుపు నిప్పులా కాలుతూ ఉంటుంది. ఆమె ఎర్రపెట్టను ఎత్తింది. అది పొడవలేదు, పలకలేదు. కడుపులో ఆ వేడి లేదు. ముక్కు నుండి నీరు జారింది. అది నిలిచిన చోట నేల మీద పచ్చటి రెట్ట ఉంది.

అప్పుడు చేయవలసిన పని ఆమెకు తెలియనిది కాదు. పెట్ట మెడ విరిచి ఊరి బయట లోతుగా పాతిపెట్టి, కోళ్ళను మూసుకోండని వీధిలో చెప్పాలి. కాని ఆ రోజున ఆమె ఇంట మూడు గంపల్లో ఊరివారి గుడ్లు పొదుగులో ఉన్నాయి. పీరాంబీ ఇంట తెగులు దిగిందంటే మూడిళ్ళ వారూ వచ్చి గంపలు ఎత్తుకుపోతారు. మళ్ళీ ఎవరూ ఆ గడప తొక్కరు. పెట్టను దించి, ఏమి చేయాలో తోచక నిలబడి ఉండగానే సోమక్క వచ్చింది.

సోమక్క పక్క వీధి కాపు ఇల్లాలు, పీరాంబీ కంటే ఎనిమిదేళ్ళు చిన్నది.

"పీరక్కా, నాకాడ పదమూడు గుడ్లు చేరినాయి. నా పెట్టను మొన్న గద్ద ఎత్తకపాయ. పొదిగే పెట్ట ఉంటే ఒగటి ఇయ్యి. లేచిండే పిల్లల్లో సగం నీకే."

"ఇప్పుడు యాడుండాయి మే."

సోమక్క దొడ్డంతా కలయజూచి గోడ వైపు చెయ్యి చూపింది. "అద్దో, ముడుసుకోని ఉండాదే ఆ ఎర్రది. పొదుక్కి రాల్యా అది?"

పీరాంబీ గోడ వైపు తిరగలేదు. "నిన్నట్నుంచి అట్లనే ఉండాది," అన్నది.

"పొడుస్తాదా?"

"పొడవదు. మెత్తంది."

"అట్లయితే మా ఇంటాయన కంటే నయమే," అని నవ్వి సోమక్క పెట్టను పైట చెంగు కింద దాచుకొని పోయింది.

తాను ఆడిన రెండు మాటలలోనూ అబద్ధం లేదని పీరాంబీ చాలాకాలం తనకు తాను చెప్పుకొన్నది. చెప్పుకొన్న ప్రతిసారీ ముఖం వేడెక్కేదట.

మూడో రోజున ఎర్రపెట్ట గుడ్ల మీదనే చచ్చింది. వారం తిరిగేసరికి సోమక్క వీధిలో కోళ్ళు వరుసగా వాలిపోయాయి. పది రోజులకు పీరాంబీ పదకొండు కోళ్ళలో తొమ్మిది పోయాయి. కాని అవి సోమక్క వీధి కోళ్ళ తరువాత పోయినందున, మొదట తెగులు ఎవరి దొడ్లో పుట్టిందని ఎవరూ అడగలేదు. పీరాంబీ ఇంటి మీదికి కూడా సోమక్క ఇంటి నుండే వచ్చిందని అందరూ అనుకొన్నారు.

సోమక్క పక్కింటి గిడ్డమ్మ నోటి దురుసు గల ముసలిది. తన చచ్చిన కోళ్ళను ఏడింటిని గంపకెత్తుకొని పోతూ, సోమక్క వాకిట నిలిచింది. పీరాంబీ కూడా అక్కడే ఉంది.

"పీరమ్మకాడ ఉన్నన్నాళ్ళు ఆ ఎర్రపెట్ట గుండ్రాయి మాదిరి ఉన్నెది, నీ ఇంట్లో మూణ్ణాళ్ళకు సచ్చెనంటే ఏమనుకోవాల? చెయ్యి మే, చెయ్యి. నీ చెయ్యి తగిల్తే రాయి గూడా మురుగుతాది."

సోమక్క పీరాంబీ వైపు చూచింది. పెట్ట ఇచ్చిన మనిషి ఒక్క మాట అంటుందని చూచింది. పీరాంబీ పైట కొంగు పోగులు చిక్కు తీసుకొంటూ నిలబడింది.

ఆ మాట గిడ్డమ్మతో ఆగలేదు. తొలకరి పడగానే పెద్ద రైతు నాగన్న పీరాంబీని పిలిపించాడు. గొర్రు వెనుక నడుస్తూ విత్తనం పోసే పనికి మంచి చెయ్యి గల ఆడమనిషినే పిలవడం ఇక్కడి వాడుక. నాగన్న చేలలో ఆరేళ్ళుగా ఆ పని సోమక్కది.

"ఈ తూరి నువ్వు పొయ్యి పీరమ్మా," అన్నాడు నాగన్న. "నాకేం పట్టింపు ల్యా. ఇంట్లో ఆడోళ్ళు సోమక్క చెయ్యంటే ఒప్పుకోకుండారు."

పీరాంబీ కాదనవలసింది. అనలేదు, పోయింది. ఆమె విత్తనం పోస్తూ పోతుండగా, అదే చేలో గొర్రుకు ముందు సోమక్క రాళ్ళు ఏరుతున్నది. నాటి నుండి ఏడు తొలకరులు అలాగే గడిచాయి. ఈ పత్రం రాసిన అయ్యన్న ఇంటివారు కూడా ఆ ఏడేళ్ళలో సోమక్క చేత ఒక్క గుమ్మడి గింజ అయినా పాతించలేదని దాచకుండా చెప్పవలసి ఉన్నది.

ఈ సంవత్సరం వైశాఖంలో, నాటుకోళ్ళ జాతిని మెరుగుపరచడానికి ఊరికొక లెగారన్ అనే తెల్ల సీమజాతి పుంజును నమ్మకమైన మనిషికి ఇస్తామని సర్కారు వారి కాగితం వచ్చింది. చావిడి దగ్గర చదివినప్పుడు గిడ్డమ్మ, "తెల్లదొరలు పోతాండారంటిరి గదా, పోతాపోతా పుంజును మనకు ఇడిసిపెడతాండారేమో," అన్నది. నవ్వులయ్యాక అందరూ ఒక్క పేరే చెప్పారు. పీరాంబీ పేరు.

ఆమెకు ఆ పుంజు మీద ఎంత ఆశ కలిగిందో ఆమె దొడ్డి చూస్తే తెలిసేది. దస్తగిరి అరవై ఏళ్ళ వయసులో నాలుగు నాపబండలు మోసుకొచ్చాడు. ఆమె వాటిలో మూడింటిని నిలబెట్టి, పైన నాలుగోదాన్ని కప్పి, పిల్లి దూరకుండా సందులకు బంకమట్టి మెత్తి, గూడు కట్టింది. రోజూ ఖాళీ గూడును ఊడ్చేది.

నడవడి పత్రం రాసే పని అయ్యన్నకు అప్పగించారు. అతడు ఆమె అరుగు మీద కూర్చొని రాసి, రాసినంత వరకు చదివి వినిపించాడు. "కోళ్ళ విషయమున ఈమె ఎన్నడును ఎవరిని వంచించి యెరుగదు" అన్న వాక్యం వద్ద ఆమె చేయెత్తింది.

"ఆ మాట కొట్టెయ్యి మామా."

"ఎందుకమ్మా? అది నమూనాలో అడిగిందే."

"అడిగిన్యారు గాబట్టే కొట్టెయ్యమంటాండా."

తరువాత ఆమె చెప్పింది. చెబుతున్నంతసేపూ ఖాళీ గూటి వైపే చూచింది. అయ్యన్న కలం పక్కన పెట్టి, "సోమక్కతో చెప్పినావా?" అని అడిగాడు.

"ల్యా."

"మరి ముందు నాకెందుకు చెప్తాండావు? రాసేవాణ్ణి నేను. మోసింది ఆమె."

పీరాంబీ లేచి ఆ పూటే పోయింది. సోమక్క వాకిట కూర్చొని విత్తనానికి చెనిక్కాయలు వొలుస్తున్నది. పీరాంబీ నిలబడే చెప్పింది. కూర్చోమని సోమక్క అనలేదు. విన్న తరువాత సోమక్క అడిగింది.

"ఆ పొద్దు నేనే దాన్ని చూపీకుంటే, నువ్వుగా ఇచ్చిందువా?"

"తెల్దు మే. నా ఇంట్లోంచి పోతే సాలనుకుంటి."

"నా ఇంటికి వస్తే ఏమైతాదో అనుకోల్యా."

"అనుకోల్యా."

సోమక్క చేతిలోని కాయను చిదిమి, గింజలను చాటలో వేయకుండా అరచేతిలో ఉంచుకొని చూచింది. "ఏడేండ్లు నా చేతులు నేనే సూసుకుంటాంటి పీరక్కా. కూతురు పురిటికి వస్తే బిడ్డకు నీళ్ళు పోసేదానికి గూడా భయపడి గిడ్డమ్మను పిలిస్తి. ఆ గిడ్డమ్మను. నీకు తెల్సునా ఆ మాట?"

"తెల్సు. నీళ్ళు పోసిన పొద్దు ఈడనే ఉంటి."

"మనసులో పెట్టుకోవద్దని అడగొద్దు నన్ను. అది నాకు చేతగాదు. ఊర్లో చెప్పు. గొర్రు కట్టకముందే చెప్పు. నేను మళ్ళా విత్తనం పొయ్యాల."

అంతే అన్నది. మరుసటి రోజున పీరాంబీ, దస్తగిరి కలిసి గూడు విప్పి, బండలు ఒక్కొక్కటిగా మోసి సోమక్క దొడ్డి గోడకు ఆనించి వచ్చారు. సోమక్క వాటిని పెట్టమనలేదు, తీయమనీ అనలేదు. ఈ పత్రం ముగించే నాటికి అవి అక్కడే ఉన్నాయి.

'నడవడి' అన్న గడిలో, పీరాంబీ కోరిక మీద, "తెలిసి చేసినది, తానుగా చెప్పినది" అని మాత్రమే రాయబడింది. అంతకంటే మంచి మాట రాయడానికి ఆమె ఒప్పుకోలేదు.

కావున పశువుల శాఖ అధికారి వారి సముఖానికి పీరాంబీ తరఫున సవినయంగా విన్నవించేది ఏమనగా: నల్లబావిపల్లెకు మంజూరైన తెల్ల పుంజును పీరాంబీ పేర గాక సోమక్క పేర దయచేయవలెను. దానిని తెచ్చే ఉద్యోగి ఇంటి వద్ద గాక ఊరి చావిడి ముందు, పగటిపూట, జనం కూడి ఉండగా, సోమక్క చేతులలోనే పెట్టవలెను. పెట్టడానికి ముందు ఈ కాగితాలను మొదటి నుండి చివరి వరకు, ఒక్క మాట విడువకుండా, గట్టిగా చదివించవలెను. చదివేటంతసేపూ పీరాంబీ అందరి ఎదుట నిలబడి ఉండడానికి ఒప్పుకొన్నది. తొలకరి ఎంతో దూరంలో లేదు. గొర్రు కట్టకముందే ఈ పని జరిగేలా ఉత్తరువు చేయ ప్రార్థన.